పండరి దారి, ఎమ్మాయు బల్ల

(సోలాపూర్‌లో జరిగిన తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో ఒక కాపరి చేసిన ప్రసంగ పాఠం)

బెంగళూరు నుంచి, చెన్నై నుంచి, బరంపురం నుంచి, యానాం నుంచి రాత్రంతా రైళ్ళలో కూర్చుని వచ్చిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ వందనాలు. పొద్దున నాలుగింటికే లేచి మనకి వంట చేస్తున్న సోలాపూర్ సంఘం అక్కలకి మరీ ముఖ్యంగా వందనాలు.

నాకిచ్చిన అంశం "క్రైస్తవ జీవితం ఒక యాత్ర". ఈ మాట మీద మనం ఊహ తెలిసినప్పటి నుంచీ ప్రసంగాలు వింటూనే ఉన్నాం. ఈ లోకంలో మనం పరదేశులం, యాత్రికులం, మన ఊరు పైనుంది అని. నిజమే. అయితే ఆ ప్రసంగాలు చేసేవాళ్ళలో, నన్ను కూడా కలుపుకొని చెప్తున్నాను, కాళ్ళతో నడిచినవాళ్ళు తక్కువ. కారు దిగి వేదిక ఎక్కి యాత్ర గురించి చెప్పి మళ్ళీ కారెక్కుతాం. అందుకని ఈ రోజు నేను నిజంగా నడిచిన ఒక దారి గురించి చెప్తాను. ఆ దారి ఈ సోలాపూర్ జిల్లాలోనే ముగుస్తుంది. పండరిపురం వారీ.

మహారాష్ట్రలో పుట్టి పెరిగిన పిల్లలకి దీని గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రెండు మాటలు. ప్రతి ఏడాదీ ఆషాఢ ఏకాదశికి పండరిపురం చేరేలా, పూణే దగ్గరున్న ఆళంది నుంచి జ్ఞానేశ్వర్ పాదుకల పల్లకీ, దేహూ నుంచి తుకారాం పాదుకల పల్లకీ బయల్దేరతాయి. ఇంచుమించు 250 కిలోమీటర్లు, మూడు వారాల నడక. లక్షల మంది. ఎక్కువమంది విత్తనాలు చల్లుకుని వచ్చిన చిన్న రైతులు, కూలీలు, ముసలివాళ్ళు, తల మీద తులసికోట పెట్టుకున్న ఆడవాళ్ళు. గుంపులు గుంపులుగా నడుస్తారు. ఒక్కో గుంపుని దిండీ అంటారు. తాళాలు, మృదంగం, పాట. తుకారాం కొడుకు నారాయణ్ మహారాజ్ 1685లో పల్లకీ సంప్రదాయం మొదలుపెట్టాడని చెప్తారు. మన పెద్దవాళ్ళకి ఈ ఊరు పాండురంగడి ఊరుగా తెలుసు. తెనాలి రామకృష్ణుడు పాండురంగ మాహాత్మ్యం రాశాడు, 1957లో ఎన్.టి.రామారావు సినిమా వచ్చింది. ఊరి పక్కన పారే చంద్రభాగ అంటే భీమా నది. ఆ నీళ్ళు కృష్ణలో కలిసి మన తాతల ఊళ్ళ మీదుగానే సముద్రానికి పోతాయి.

నేను ఫల్టణ్ దగ్గర కలిశాను. బరడ్, నాతేపుతే, మాళశిరస్, వేళాపూర్, భండీశేగావ్, వాఖరీ, పండరిపురం. ఏడు రోజులు.

ఇప్పుడు మీలో కొందరి మొహాల్లో ఒక ప్రశ్న కనిపిస్తోంది. మా సంఘంలో ఒక పెద్దాయన నన్ను మొహం మీదే అడిగారు. "అయ్యగారూ, మనకి అక్కడేం పని?" ఆయన అడగడంలో తప్పు లేదు. నేను ఆయనకి చెప్పిందే మీకూ చెప్తాను. నేను పూజకి వెళ్ళలేదు, గుళ్ళోకి వెళ్ళలేదు. నా పొరుగువాడు మూడు వారాలు వానలో నడుస్తుంటే, ఆ నడకలో అతను ఏం వెతుకుతున్నాడో తెలుసుకుందామని వెళ్ళాను. మరాఠీ క్రైస్తవ కవి నారాయణ్ వామన్ తిలక్ 1895లో బాప్తిస్మం తీసుకున్నారు. తాను తుకారాం అనే వంతెన మీదుగా క్రీస్తు దగ్గరికి వచ్చానని ఆయన చెప్పుకునేవారు. వంతెన మీద నిలబడినంత మాత్రాన మనం ఏట్లో పడిపోం.

ఇక దారి సంగతి.

మొదటి రోజే నన్ను కదిలించింది ఒక పిలుపు. వారీలో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. అందరినీ "మావులీ" అంటారు. అంటే అమ్మా అని. టీ ఇచ్చేవాడు మావులీ, టీ తాగేవాడు మావులీ. దారి అడ్డొస్తే "మావులీ, జరగండి". పోలీసు కూడా మావులీ అనే అంటాడు. ఎదురుపడితే ఒకరి కాళ్ళకి ఒకరు దణ్ణం పెడతారు. డెబ్బై ఏళ్ళ పెద్దావిడ నా కాళ్ళ మీదికి వంగింది. నేను బెదిరిపోయి వెనక్కి గెంతాను. ఆవిడ నవ్వి, నువ్వూ నా కాళ్ళకి పెట్టు, లెక్క సరిపోతుంది అంది. పాదాలు కడగడం గురించి నేను ఇరవై ఏళ్ళుగా ప్రసంగిస్తున్నాను. ఒక పరాయి మనిషి నా పాదాల దగ్గరికి వంగితే ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. పేతురు ఎందుకు వద్దన్నాడో ఆ రోజే అర్థమైంది.

రెండో విషయం చెప్పుల సంగతి. నాతేపుతే దాటాక నా కుడి చెప్పు పట్టీ తెగింది. అప్పటికే మడమకి బొబ్బ ఉంది. రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. వారీ దారిలో చెప్పులు కుట్టేవాళ్ళు, క్షవరం చేసేవాళ్ళు చాలామంది డబ్బు తీసుకోకుండా సేవ చేస్తారు. ఆయన నా చెప్పు తీసుకుని, ఆరెతో రంధ్రం పొడిచి, మైనం రుద్దిన దారం లాగుతుంటే నేను చూస్తూ నిలబడిపోయాను. మా తాత చేతులు గుర్తొచ్చాయి. మా తాత చెప్పులు కుట్టేవాడు. ఆరె, రంపె మా ఇంటి చూరులో ఉండేవి. మా నాన్న చదువుకోవడానికి వెళ్ళేటప్పుడు ఆ ఊసు ఎక్కడా ఎత్తకు అని మా నాయనమ్మ చెప్పి పంపిందట.

డబ్బు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. నా వచ్చీరాని మరాఠీలో అడిగాను, "మీరు ఎప్పుడూ పండరికి నడవలేదా?" ఆయన తల ఎత్తకుండానే అన్నాడు, "మేమూ నడిస్తే మీ చెప్పులు ఎవరు కుడతారు?"

ఆయన కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నాడు. కానీ ఆ మాట మిగతా దారంతా నా వెంట నడిచింది. ఏ యాత్రకైనా నడిచేవాళ్ళు కొందరు, నడిపించేవాళ్ళు కొందరు. మనం నడిచేవాళ్ళ గురించే పాటలు పాడతాం.

మూడో విషయం అన్నం. పగలంతా ఒకే పాట పాడి, ఒకే వానలో తడిసినవాళ్ళు సాయంత్రం వంట దగ్గర ఏం చేస్తారు? మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే చాలా ఏళ్ళ కిందట ఈ దారిలో నడిచి ఒక వ్యాసం రాశారు. ఒకే దిండీలో బ్రాహ్మణులూ మరాఠాలూ కలిసి నడుస్తారు, కలిసి పాడతారు, కానీ వంటా తిండీ వేరువేరుగా చేసుకుంటారని ఆమె బాధపడుతూ రాశారు. నేను చూసిన నాటికి చాలా మారింది. ఊళ్ళవాళ్ళు వేలమందికి జొన్నరొట్టె, శనగపిండి పిఠ్లా, పచ్చిమిరప ఠేచా పెడుతున్నారు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో పట్టించుకోని పంక్తులు చూశాను. అయినా ఒక డేరా దగ్గర, నా చేతిలో పళ్ళెం పెట్టే ముందు ఒకాయన నవ్వుతూ నా ఇంటిపేరు అడిగాడు. ఇంటిపేరు ఎందుకు అడుగుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అంతవరకూ మావులీ. పళ్ళెం దగ్గర మాత్రం ఇంటిపేరు.

ఏడో రోజు పండరిపురం చేరాం. చంద్రభాగ ఒడ్డున కాలు పెట్టే చోటు లేదు. గుడి మహాద్వారం దగ్గర నామదేవుడి పేరుతో ఒక మెట్టు ఉంది. దానికి ఎదురుగా ఒక చిన్న సమాధి. అది చోఖామేళాది.

చోఖామేళా 14వ శతాబ్దపు మనిషి, మహార్ కులస్థుడు, మన సోలాపూర్ జిల్లాలోని మంగళవేఢ ఊరివాడు. పాటలు కట్టాడు. ఆయన భార్య సోయరాబాయి, చెల్లెలు నిర్మల, బావ బంకా, కొడుకు కర్మమేళా, అందరూ పాటలు కట్టినవాళ్ళే. మైల అంటకుండా పుట్టిన ఒళ్ళు ఈ లోకంలో ఎక్కడుందని ఆరువందల ఏళ్ళకి పైగా కిందటే సోయరాబాయి నిలదీసింది. చోఖామేళాని గుళ్ళోకి రానివ్వలేదు. 1338లో మంగళవేఢలో గోడ కట్టే పనిలో ఉండగా ఆ గోడ కూలి, దాని కింద పడి చనిపోయాడని చెప్తారు. నామదేవుడు వెళ్ళి ఆయన ఎముకలు ఏరి తెచ్చి ఈ మెట్టు దగ్గర సమాధి చేశాడని కథ. బతికుండగా లోపలికి రానివ్వలేదు. చనిపోయాక కూడా మెట్టు దాకానే.

నేను అక్కడే నిలబడ్డాను. నా విశ్వాసం వల్ల లోపలికి వెళ్ళకుండా నేను ఆ మెట్టు దగ్గర ఆగాను. లోపలికి పోవాలని ఒళ్ళంతా తపించిన మనిషిని వేరేవాళ్ళు ఆపితే ఆయన అదే మెట్టు దగ్గర ఆగాడు. నాది నా ఇష్టం. ఆయనది ఆయన మీద పడిన అవమానం. ఈ రెండింటినీ ఒకటి చేసి "చూశారా, వాళ్ళ మతం ఇంతే" అని వేలు చూపించడం నాకు తేలిక. ఆ రోజు ఆ పని చేయలేకపోయాను. ఎందుకో చెప్తాను.

మొదటి కారణం మన బైబిల్లోనే ఉంది. యెరూషలేముకి ఏటేటా నడిచి వెళ్ళినవాళ్ళ పాటలే మన యాత్రకీర్తనలు, 120 నుంచి 134 వరకూ. యేసు ప్రభువు పన్నెండేళ్ళప్పుడు ఆ దారినే నడిచి వెళ్ళాడు. ఆ దారి చివర ఉన్న దేవాలయంలో ఒక అడ్డుగోడ ఉండేది. అన్యజనుడు ఇది దాటితే చావే అని రాతి పలకల మీద చెక్కించి పెట్టారు. అలాంటి పలక ఒకటి 1871లో దొరికింది. ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. క్రీస్తు పడగొట్టాడని ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం చెప్పే మధ్యగోడ ఉత్త అలంకారం కాదు, రాయీ రాతా ఉన్న గోడ. ప్రతి గుడికీ ఒక మెట్టు ఉంది. మనకీ ఉంది.

రెండో కారణం, ఆ మెట్టు గురించి ఊరుకోని మనుషులు అక్కడా ఉన్నారు. 1947 మే నెలలో సానే గురూజీ పండరిపురంలో నిరాహార దీక్ష చేశారు. దళితులకి ఆ గుడి తలుపులు తెరుచుకున్నాయి. అప్పటికే ఆలస్యమైంది. అంబేద్కర్ గారి భార్య రమాబాయికి పండరిపురం చూడాలని కోరిక ఉండేదట. అక్కడికి వెళ్ళినా దూరం నుంచే చూసి రావాలి. ఆ అవమానానికి ఆయన ఒప్పుకోలేదు. ఆవిడ 1935లో చనిపోయారు. 1948లో అంటరానివాళ్ళ మీద రాసిన పుస్తకాన్ని అంబేద్కర్ ముగ్గురికి అంకితమిచ్చారు. నందనార్, రవిదాస్, చోఖామేళా.

మూడో కారణం నేను. ఇది చెప్పడానికే ఇంత దూరం నడిపించాను మిమ్మల్ని.

కొన్నేళ్ళ కిందట నేను ఒక పట్నంలో తెలుగు సంఘానికి కాపరిగా ఉండేవాణ్ణి. ఊరి పేరు అనవసరం. ఆ సంఘంలో ఒక అక్క ఉండేది. కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చే పని. ఆరాధనకి అందరికంటే ముందు వచ్చి వెనక బెంచీలో కూర్చునేది. ఒక పండగకి ప్రేమవిందు పెట్టుకున్నాం, తలా ఒక కూర చేసుకొచ్చారు. ఆ అక్క గుత్తివంకాయ చేసుకొచ్చింది. విందు అయ్యాక గిన్నెలు కడిగేటప్పుడు చూశాను. అన్ని గిన్నెలూ ఖాళీ. ఆ ఒక్క గిన్నె తెచ్చింది తెచ్చినట్టే ఉంది. మూత పెట్టి చీర కొంగుతో పట్టుకుని, "పర్లేదు అయ్యగారూ, ఇంట్లో పిల్లలు తింటారు" అంది.

నేను నోరు మెదపలేదు. చెప్పులు కుట్టినవాడి మనవణ్ణి నేను. వేదాంత కళాశాలలో దళిత వేదాంతం మీద వ్యాసం రాసి మెచ్చుకోళ్ళు అందుకున్నవాణ్ణి. అయినా నోరు మెదపలేదు. ఎందుకంటే ఆ సంఘంలో నా తాత ఏం పని చేశాడో ఎవరికీ తెలియదు. తెలిస్తే నా గిన్నె కూడా అలాగే ఉండిపోతుందేమోనని భయం. మా నాయనమ్మ మా నాన్నకి చెప్పిన మాట నేను నలభై ఏళ్ళొచ్చాక కూడా పాటిస్తున్నాను. రెండేళ్ళు అక్కడ ఉండి బదిలీ అయ్యాను. వీడ్కోలు సభలో ఆ అక్క నాకు శాలువా కప్పింది.

ఎవరో పండరిపురంలో చోఖామేళాని ఆపారని మనం అంటాం. మన సంఘాల్లో మెట్టు గుమ్మం దగ్గర ఉండదు. అందరినీ లోపలికి రానిస్తాం. మన మెట్టు గిన్నె దగ్గర ఉంటుంది, పెళ్ళి సంబంధం దగ్గర ఉంటుంది, కొన్నిచోట్ల సమాధుల తోటలో కూడా ఉంటుంది. ఊళ్ళో ఇది మాలవాళ్ళ గుడి, అది మాదిగవాళ్ళ గుడి అన్న మాటలు మన పెద్దవాళ్ళు వినే పెరిగారు. సరిహద్దు దాటి బెంగళూరుకో ముంబైకో వస్తే కులం రైలు దిగకుండా వెళ్ళిపోతుందనుకున్నాం. అది మనకంటే ముందే దిగి ఇల్లు అద్దెకి తీసుకుని కూర్చుంది.

ఇంకొక్క మాట పండరిపురం గురించి. ఏకాదశి అయిపోయాక లక్షల మంది వెళ్ళిపోతారు. మర్నాడు ఆ నది ఒడ్డు ఎలా ఉంటుందో నేను చూశాను. చీపుళ్ళు, తట్టలు పట్టుకుని ఆడవాళ్ళు దిగారు. అక్కడ మానవ మలాన్ని మనుషులు చేతులతో ఎత్తే పరిస్థితి మీద బొంబాయి హైకోర్టులో కేసు కూడా నడిచింది. ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. మరుగుదొడ్లు పెరిగాయి, కొంత మేలైంది. కానీ ఆ తట్ట ఎవరి చేతిలో ఉందో చూడండి. ఆరువందల ఏళ్ళ కిందట ఏ వాడ వాళ్ళని మెట్టు దగ్గర ఆపారో, ఇప్పుడు ఒడ్డు ఊడ్చేదీ ఎక్కువగా అలాంటి వాడల వాళ్ళే. మన సంగతి? మూడు రోజుల సువార్త సభలు పెడతాం, పదివేల మంది వచ్చారని పోస్టరు వేస్తాం. నాలుగో రోజు ఆ మైదానం ఎవరు ఊడ్చారు? మన లెక్కల పుస్తకంలో వాళ్ళ కూలి ఉందా? బెంగళూరులో, చెన్నైలో రోడ్లు ఊడ్చేవాళ్ళలో చాలామంది తెలుగు మాట్లాడేవాళ్ళే. మన భాషే, మన పాటే, చాలాసార్లు మన సంఘమే.

అందుకే లూకా 24వ అధ్యాయం దగ్గరికి రండి. యెరూషలేముకి ఆమడ దూరంలో ఎమ్మాయు. ఇద్దరు శిష్యులు దుఃఖంతో నడుస్తున్నారు. ముక్కూమొహం తెలియని ఒక మనిషి వచ్చి కలిశాడు. దారంతా లేఖనాలు వివరించాడు. అంత గొప్ప వేదపాఠం విన్నా వాళ్ళు ఆయన్ని గుర్తుపట్టలేదు. పొద్దుగూకింది, ఉండిపొమ్మని బలవంతం చేశారు. బల్ల దగ్గర ఏం జరిగింది? ఇల్లు వాళ్ళది, రొట్టె వాళ్ళది. కానీ ఆ కొత్త మనిషి రొట్టె చేతిలోకి తీసుకుని విరిచి వాళ్ళకి ఇచ్చాడు. వాళ్ళు ఆ చేతి నుంచి అందుకున్నారు. అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఒక్క క్షణం ఆలోచించండి. ఆ ఇద్దరూ ఆ సాయంత్రం ఆయన్ని ఇంటిపేరు అడిగి ఉంటే? నువ్వెవరో మాకు తెలియదు, నీ చేత్తో ముట్టిన రొట్టె మాకు వద్దు అని ఉంటే? తిరిగి లేచిన ప్రభువు వాళ్ళ ఇంట్లోనే కూర్చుని ఉన్నా, వాళ్ళు ఎప్పటికీ గుర్తుపట్టేవాళ్ళు కాదు. నడక మనసుని మండించింది. కళ్ళు తెరిచింది మాత్రం బల్లే. ఆ గుత్తివంకాయ గిన్నె మూత పెట్టి తిరిగి వెళ్ళిన రోజు, మా సంఘం నుంచి ఎవరు వెళ్ళిపోయారో నాకు ఇప్పటికీ భయమేస్తుంది.

పండితా రమాబాయి గురించి మీరు వినే ఉంటారు. చిన్నప్పటి నుంచీ తల్లిదండ్రులతో పుణ్యక్షేత్రాలు తిరుగుతూ దేశమంతా నడిచిన పిల్ల. కరువులో తల్లిదండ్రుల్నీ అక్కనీ పోగొట్టుకుని, అన్నతో ఇంకా వేల మైళ్ళు నడిచింది. ఆ నడకలో ఆమె కళ్ళబడినవాళ్ళు క్షేత్రాల్లో దిక్కులేకుండా పడి ఉన్న విధవలు. క్రీస్తుని నమ్ముకున్నాక ఆమె చేసిందేమిటి? ఇక్కడి నుంచి పూణే వెళ్ళే రైలు దారిలోనే ఉన్న కేడ్‌గావ్‌లో ముక్తి పేరుతో వాళ్ళకి ఒక ఇల్లు కట్టింది. యాత్ర అంటే అదీ. దారిలో ఎవరు కనబడ్డారో వాళ్ళ కోసం చివర ఒక తలుపు తెరవడం.

మీకు మూడు పనులు చెప్తాను. రాసుకోండి.

ఒకటి. రేపు పొద్దున ఐదున్నరకి మన యాత్ర. దూరం కాదు. ఈ ప్రాంగణం ఉన్న వీధులు ఊడ్చే అక్కలతో నిన్న మాట్లాడాను. రెండు గంటలు మనం వాళ్ళ వెంట నడుస్తాం. వాళ్ళు చీపురు ఇస్తే ఊడుద్దాం. ఫోటోలు వద్దు, సాక్ష్యాలు వద్దు. ప్రశ్నలు అడగండి. జీతం ఎప్పుడు పడుతుంది, చేతితొడుగులు ఇస్తున్నారా, మధ్యలో మరుగుదొడ్డికి ఎక్కడికి వెళ్తారు. మీ ఊరు వెళ్ళాక మీ వార్డులో ఇదే నడక నడవండి.

రెండు. ఇకనుంచి మీ సంఘంలో ప్రేమవిందు జరిగితే, ఏ గిన్నె నిండుగా మిగిలిపోతుందో చూసే బాధ్యత యువజనులది. మిగలకుండా చూడండి. ముందు వడ్డించుకోవలసింది మీ కాపరి. ఆయన జంకితే నా పేరు చెప్పండి.

మూడు. మీరు సభలు పెడితే, ఖర్చుల జాబితాలో మైకు సెట్టు కంటే పైన మరుగుదొడ్లూ, ఊడ్చేవాళ్ళ కూలీ రాయండి. ఎవరి చేతా మలం ఎత్తించకూడదని, ఎవర్నీ మురుగు గుంటలోకి దించకూడదని చట్టం చెప్తోంది. చట్టం చెప్పిన దానికంటే సంఘం తక్కువ చేయకూడదు.

చివరగా ఒక కబురు. పోయిన నెల నేను ఆ పాత ఊరికి వెళ్ళాను. ఆ అక్క ఇల్లు వెతుక్కుంటూ నడిచాను. అడిగాను, గుత్తివంకాయ చేస్తావా అక్కా అని. ఎన్నాళ్ళ కిందటి మాటో వెంటనే గుర్తొచ్చింది ఆమెకి, మొహం తిప్పుకుంది. కాసేపటికి స్టవ్ వెలిగించింది. తింటూ, మా తాత ఏం పని చేసేవాడో చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది కదా అయ్యగారూ" అంది.

బాగుండేది. నేను ఆలస్యం చేశాను. మీరు చేయకండి.

ఎమ్మాయులో తిన్నవాళ్ళు ఆ గడియలోనే లేచి, రాత్రని కూడా చూడకుండా మళ్ళీ యెరూషలేముకి నడిచారు. ప్రభువు మన కాళ్ళకి ఆ తొందర ఇచ్చుగాక. ఆమేన్. రేపు ఐదున్నరకి గేటు దగ్గర కలుద్దాం. గట్టి చెప్పులు వేసుకుని రండి.